పోస్టుమాస్టరుకు చెప్పిన పాప

ఆ వీధిలో అందరూ అతణ్ణి కత్తెర బాబాయి అంటారు. రెండు కుర్చీల సెలూను అతనిది; ఇల్లు మాత్రం ఊరికి అవతలి చివర. గడ్డానికి సబ్బు పూసేలోపు ఎదుటివాళ్ళ ఊసులన్నీ లాగేసేవాడు. తన సంగతి మాత్రం పెదవి దాటనిచ్చేవాడు కాదు.

పెళ్ళయి పదకొండేళ్ళు. మొదటి రెండుసార్లూ మూడో నెల నిండకుండానే కడుపు పోయింది. మూడోసారి ఆరో నెల దాకా వచ్చింది. ఆడపిల్ల. ప్రాణం లేదు. భార్య మత్తులో ఉంటే నర్సు ఆ బిడ్డను తువ్వాలులో చుట్టి అతనికొక్కడికే చూపించింది.

పరామర్శకు వచ్చినవాళ్ళంతా నేరుగా ఆమె గదిలోకే వెళ్ళేవారు. గుమ్మంలో నిలబడ్డ అతని భుజం తట్టి, "ఆ అమ్మాయిని జాగ్రత్తగా చూసుకో నాయనా" అనేవారు. నీకెలా ఉందని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఆ మాట ఎత్తితే భార్య గాయం మళ్ళీ రేగుతుందని అతనూ నోరు కట్టేసుకున్నాడు. ఆమె తాను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణానికి తిరిగి వెళ్ళసాగింది. ఇంట్లో మాటలు గ్యాసు అయిపోవడం దగ్గరా, కూరలో ఉప్పు దగ్గరా ఆగిపోయాయి.

ఏడాది తిరిగాక వీధి చివరింట్లోకి రిటైరైన పోస్టుమాస్టరొకాయన దిగాడు. మొదటి రోజే, మెడకు గుడ్డ కడుతుంటే, "పిల్లలెంతమందోయ్?" అన్నాడు.

లేరండీ అంటే తర్వాత వచ్చే సలహాలూ, డాక్టర్ల పేర్లూ బాబాయికి కంఠతా వచ్చు.

"ఒక పాపండీ."

"ఎన్నేళ్ళు?"

"ఏడాది నిండబోతోంది."

"అదృష్టవంతుడివి" అని ఆయన కళ్ళు మూసుకున్నాడు. జాలిపడలేదు. ఆ రోజు కత్తెర చేతిలో తేలిగ్గా ఆడింది.

అప్పట్నుంచి ఆయన నెలనెలా వచ్చేవాడు, పాప నెలనెలా పెరిగేది. పళ్ళు వచ్చాయి. పాలంటే మూతి తిప్పుకుంది. గోడల నిండా పెన్సిలుతో గీసింది. ఈసారి ఏం చెప్పాలా అని బాబాయి వారం ముందు నుంచే కూడబెట్టుకునేవాడు. ఆయన వెళ్ళాక మాత్రం, నేల మీది తెల్ల వెంట్రుకలు ఊడుస్తూ సిగ్గుతో చచ్చిపోయేవాడు.

అలా నాలుగేళ్ళు. ఒక మధ్యాహ్నం భార్య ఇంటి తాళంచెవి కోసం సెలూనుకొచ్చింది. కుర్చీలో పోస్టుమాస్టరు ఉన్నాడు.

"ఏమ్మా, మీ గడుగ్గాయి బడికెళ్ళిందా? పాలు తాగనని ఇంకా పేచీ పెడుతోందా?"

ఆమె అద్దంలో భర్తకేసి చూసింది. అతను సొరుగు లాగి తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"వెళ్ళిందండీ" అంది. తాళంచెవి తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు బాబాయి పెందలాడే సెలూను కట్టేశాడు. వెళ్ళేసరికి ఆమె వంటింటి గట్టుకు ఆనుకుని నిలబడి ఉంది. పొయ్యి వెలిగించలేదు.

"తప్పయిపోయింది" అన్నాడు.

"ముక్కూ మొహం తెలియనాయనతో నాలుగేళ్ళు మాట్లాడారు దాని గురించి. నాతో ఒక్క ముక్క లేదు."

"నువ్వేడుస్తావని..."

"ఏడవనా మరి? ఒక్కదాన్నే ఏడ్చాను ఇన్నాళ్ళూ. మీకసలు పట్టలేదనుకున్నాను." మెల్లగా అడిగింది. "మీరు చూశారుగా. ఎలా ఉంది?"

పళ్ళ గురించీ పెన్సిలు గీతల గురించీ ధారాళంగా చెప్పినవాడు రెండు అరచేతులూ దగ్గరపెట్టి చూపించాడు.

"ఇంతే ఉంది. గోళ్ళొచ్చాయి. చెవులు నీవే" అన్నాడు.

ఆమె తన చెవి తడిమి చూసుకుంది. "అది పాలు తాగుతుంది. పేచీలు పెట్టే పిల్ల కాదు, నెమ్మదస్తురాలు" అంది.

ఆమె కూడా లోపల్లోపల ఒక పిల్లను పెంచుకుంటోందని అతనికి అప్పుడు తెలిసింది. ఆ పిల్లను అతనెరగడు.

మరుసటి నెల అతను పోస్టుమాస్టరుకు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆయన మెడకున్న గుడ్డ సర్దుకుని అద్దంలోకి చూశాడు. "సరే, కానివ్వు" అన్నాడు.

ఆయన రావడం మానలేదు. కానీ ఇప్పుడు ఎండల గురించి ఒక మాట అని పేపరు తీస్తాడు. ఇంట్లో భార్య ఎప్పుడైనా ఒకసారి, ఆ చిన్న గోళ్ళ గురించి మళ్ళీ చెప్పమంటుంది, చెబుతాడు. సెలూన్లో మాత్రం ఎవరికీ చెప్పడానికేమీ లేదు. ఇదివరకు గంట పట్టిన పోస్టుమాస్టరు క్షవరం ఇప్పుడు పావుగంటలో అయిపోతుంది.