చెట్టుకు వేలాడిన ఏనుగు

ఇంటర్ చదివే రోజుల్లో నాకు తెలుగు చదవడం బాగా వచ్చని గట్టి నమ్మకం ఉండేది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి, హిందీ బడిలో పెరిగిన పిల్లకు ఆ నమ్మకం ఎలా కలిగిందో చెప్పలేను (ఇంట్లో ఎవరూ పరీక్ష పెట్టకపోవడం వల్ల కావచ్చు). ఆ ఏడాది మామ్మకు కంటి ఆపరేషన్ అయింది. నవ్వకూడదు, ఏడవకూడదు, తుమ్మొచ్చినా ఆపుకోవాలి, లేకపోతే కన్ను దక్కదని డాక్టరు చెప్పారంటూ నాన్న ఇంటిల్లిపాదినీ హడలగొట్టాడు. రెండో కన్ను ఎప్పుడో పోయింది కాబట్టి, మామ్మకు మిగిలిన చూపంతా ఆ కట్టు కిందే ఉంది.

ఆవిడ సగంలో ఆపిన దెయ్యాల నవల ఒకటి ఉంది. అడవిలో దారి తప్పిన కొత్త పెళ్ళికూతురి కథ. భయపడకూడదని మాత్రం డాక్టరు అనలేదు కనుక, మధ్యాహ్నాలు నేను చదివి వినిపించేలా ఒప్పందం కుదిరింది. మొదటి రోజే, "కొమ్మకొమ్మకీ ఏనుగులు వేలాడుతున్నాయి" అని చదివాను.

"ఏటీ, ఏనుగులేటి?" అంది మామ్మ.

"అవును మామ్మా, తలకిందులుగా."

మామ్మ దుప్పటి మెడదాకా లాక్కుంది. "అచ్ఛా. చదువమ్మా," అంది. గొంతు వణికింది.

ఆ రచయిత ఊహకు నేను దాసోహమైపోయాను. ఆ అడవిలో ఏనుగులు బావిలో ఉబ్బి తేలేవి. నలుగురు మనుషులు ఒక ఏనుగును పాడె మీద మోసుకుపోతుంటే, అది లేచి కూర్చుని బీడీ అడిగింది. మామ్మ దుప్పటి కొస నోట్లో కుక్కుకుని, మంచం పట్టె పట్టుకుని వణికిపోయేది. పాపం ఎంత భయపడుతోందో అనుకుని, నేను గొంతు తగ్గించి ఇంకా భయంకరంగా చదివేదాన్ని. రైల్లో మా ఊరి పక్కనున్న కోటా స్టేషన్ దాటాక అడవి కనిపిస్తే (నిజంగానే చెబుతున్నాను) ముందు కొమ్మలకేసి చూసేదాన్ని.

కట్టు విప్పిన రోజు డాక్టరు చూపు బాగుందన్నారు. ఆటో ఎక్కాక మామ్మ, "ఇంక నవ్వొచ్చునేటి నాయినా?" అని నాన్నను అడిగింది. నవ్వొచ్చన్నాడు. అంతే, ఇల్లు చేరేదాకా పొట్ట పట్టుకుని నవ్వుతూనే ఉంది.

"ఏనుగు కాదే తల్లీ, పీనుగు. శవం."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు సరిగ్గా చదివేద్దువు కదేటే."

ఉన్న ఒక్క కన్నునూ పణంగా పెట్టి నా తెలుగు విన్నవాళ్ళు ఆ తర్వాత ఎవరూ లేరు. ఇప్పుడు తప్పుల్లేకుండానే చదువుతాను. ఈమధ్య ఆ నవల మళ్ళీ తెరిస్తే, కొమ్మకొమ్మకీ పీనుగులే కనిపించాయి. అంత పెద్ద అడవిలో ఒక్క ఏనుగైనా లేదేమిటా అని దిగులేసింది.