చెల్లి ఫోన్‌లో పడని పాస్‌వర్డ్

చెల్లి, నేను ఒకే ఏడాది డీఎస్సీ రాశాం. ఇద్దరిదీ జీవశాస్త్రమే. ఒకే పుస్తకాలు పంచుకుని చదివాం. పరీక్షకు ఒకే బస్సులో వెళ్ళాం. ఉద్యోగం మాత్రం ఆమెకే వచ్చింది. నందిగామ దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో చేరి, పెళ్ళయ్యాక నందిగామలోనే కాపురం పెట్టింది. నేను జగ్గయ్యపేటలో అమ్మతో ఉంటూ, అంతకుముందు నుంచీ చేస్తున్న ప్రైవేటు స్కూల్లోనే పాఠాలు చెప్పుకుంటున్నాను.

అమ్మ మిరపకాయ కోతలకు వెళ్ళి మమ్మల్ని చదివించింది. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలోని ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరి, "మీ టీచరమ్మ బాగుందా?" అని అడుగుతారు. అమ్మ ముఖం విప్పారుతుంది. వాళ్ళు అడిగేది నందిగామ టీచరమ్మ గురించి. నేను అక్కడే, అమ్మ బైబిలు సంచీ పట్టుకుని నిలబడి ఉంటాను. నేనూ ఏడో తరగతికి, ఎనిమిదో తరగతికి సైన్సు చెప్తానన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ గుర్తుండదు. అమ్మకు కూడా.

ఒక్క విషయంలో మాత్రం మా ఇంట్లో నా మాటే చెల్లుతుంది. ఫోన్లు, కంప్యూటర్లు. ఎవరి ఫోన్ మొరాయించినా నా దగ్గరికే తెస్తారు. డీఎస్సీకి దరఖాస్తు పెట్టే రోజుల్లో ఇంట్లో ఒకే మంచి ఫోన్ ఉండేది. పాస్‌వర్డ్‌లు మర్చిపోకుండా ఉండాలని అందులో ఒక యాప్ పెట్టాను. అన్ని పాస్‌వర్డ్‌లూ దాచిపెట్టి, సైటు తెరవగానే ఐడీ, పాస్‌వర్డ్ తనే నింపేస్తుంది. తర్వాత నేను వేరే ఫోన్ కొనుక్కుని వేరే ఖాతా తెరిచాను. పాతదాన్ని చెల్లి వాడుకుంటోంది.

ఒక ఆదివారం చెల్లి ఇంటికొచ్చి ఫోన్ నా ఒళ్ళో పెట్టింది.

"అక్కా, మా ఉద్యోగుల సైటులో ఒకసారి లాగిన్ అవుతుంది, ఒకసారి తప్పు పాస్‌వర్డ్ అంటుంది. నేనసలు ఏమీ టైపు చెయ్యట్లేదు, అదే నింపుతుంది. ఒక్కసారి చూడవే."

నాకు సంతోషమే వేసింది, ఆమెకు చేతకానిది ఒకటి దొరికినందుకు. ఫోన్ సెట్టింగుల్లో చూస్తే, పాస్‌వర్డ్‌లు నింపే పని మా యాప్‌కి కాకుండా బ్రౌజరుకి అప్పజెప్పి ఉంది. దాన్ని మార్చాను. సరిపోయిందో లేదో తెలియాలంటే లాగిన్ పేజీ చిరునామా నేరుగా కొట్టి, లాగిన్ అయి చూడాలి. పేజీ తెరుచుకుంది. పైన చెల్లి ఫొటో, పక్కన పేరు, దాని కింద స్కూల్ అసిస్టెంట్, జీవశాస్త్రం అని. బయటికొచ్చి మళ్ళీ లాగిన్ అయ్యాను. మళ్ళీ అదే ఫొటో. కొంచెం తల పక్కకు వంచి, నవ్వాలా వద్దా అన్నట్టుంది. సమస్య ఇంకా ఉందేమో చూడాలి కాబట్టి ఎన్నోసార్లు అలా బయటికొచ్చి లోపలికెళ్ళాను. నేను వేలు పెట్టిన ప్రతిసారీ ఆ సైటు నన్ను ఆమె అనుకుని రానిచ్చింది.

"బాగైంది, తీసుకో," అని ఫోన్ ఇచ్చేశాను.

వారం మధ్యలో ఫోన్ చేసి మళ్ళీ పోయిందంది. తర్వాతి ఆదివారం బ్రౌజరు సొంతంగా దాచుకున్న పాస్‌వర్డ్‌లు తీసేశాను. లాగిన్ పేజీకి ఒక బుక్‌మార్క్ పెట్టి దాంట్లోంచి పరీక్షించాను. ప్రతిసారీ పనిచేసింది. నందిగామ వెళ్ళాక మళ్ళీ మామూలే. "ఈసారి కూడా నీవల్ల కాలేదా అక్కా," అని మామూలుగానే అంది. ఆ మాట నాకు రోజంతా గుచ్చుకుంటూనే ఉంది.

ఇంతలో వాళ్ళకు బదిలీలు మొదలయ్యాయి. కావలసిన స్కూళ్ళను వరసగా ఆ సైటులోనే పెట్టుకోవాలి. ఆఖరి రోజు మధ్యాహ్నం నేను క్లాసులో ఉండగా ఫోన్ చేసింది.

"ఇంకోసారి తప్పు పడితే అకౌంటు లాక్ అయిపోద్దంట అక్కా. సాయంత్రం లోపు ఆప్షన్లు పెట్టాలి. పాస్‌వర్డ్ ఏంటో నాకు నోటికి రాదు. రాగలవా?"

"ఏ ఊరు పెట్టుకుంటున్నావ్?"

"మన పేటకే. ఆయన ఆఫీసు కూడా అటే మారుతుందిగా. అమ్మకీ దగ్గర."

పర్మిషన్ అడిగి బస్సెక్కాను. హైవే మీద సిమెంటు లారీల వెనక బస్సు మెల్లగా పోతోంది. నందిగామ ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిదనిపించింది. పేటలో నన్ను టీచరని పిలిచేవాళ్ళు కాస్తోకూస్తో ఉన్నారు. ఆమె వస్తే ఆ కాస్తా పోతుంది. ఆ అకౌంటు దానంతటది లాక్ అయిపోతే ఎంత బాగుండు అనుకున్నాను. అయినా దిగాల్సిన చోట దిగి, ఆటో మాట్లాడుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

చెల్లి గుమ్మంలోనే నిలబడి ఉంది. ఏడ్చినట్టుంది, కళ్ళు వాచాయి. నేను ఫోన్ ముట్టుకోలేదు.

"నువ్వు రోజూ ఎట్లా తెరుస్తావో అట్లానే తెరువు. ఆఖర్న బటన్ మాత్రం నొక్కకు," అన్నాను.

ఆమె నా బుక్‌మార్క్ జోలికే పోలేదు. విద్యాశాఖ సైటు మొదటి పేజీ తెరిచి, కిందికి జరిపి, అక్కడున్న లింకు నొక్కింది. లాగిన్ పేజీ వచ్చింది. గడుల్లో ఐడీ, పాస్‌వర్డ్ చుక్కలు వాటంతటవే పడ్డాయి. ఐడీ గడిలో అంకెలున్నాయి. ఆమె ఉద్యోగి నంబరు కూడా అంకెలే కాబట్టి చెల్లి ఎప్పుడూ పరకాయించి చూడలేదు. నేను చూశాను. అది నా పాత ఫోన్ నంబరు. డీఎస్సీ దరఖాస్తుకి నేను ఇచ్చిన నంబరు. ఆ సిమ్ వాడడం మానేసి చాలా కాలమైంది.

అప్పుడు అర్థమైంది. దరఖాస్తుల పేజీ, ఉద్యోగుల పేజీ ఒకే సైటు కింద ఉన్నాయి. మా యాప్‌కి రెండూ ఒకటే. బుక్‌మార్క్‌లోంచి వెళ్తే చిరునామా చెల్లి వివరాలకు అక్షరం పొల్లుపోకుండా సరిపోతుంది కాబట్టి ఆమెవి నింపుతుంది. మొదటి పేజీలోంచి వెళ్తే చిరునామా కాస్త మారుతుంది, అప్పుడు ముందు దాచినవి తీసి నింపుతుంది. ముందు దాచినవి నావి.

చెల్లికి చెప్పాను. ఆమె ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది.

"అయితే నీది తీసెయ్ అక్కా. ఇంక దాంతో పనేముంది నీకు."

"పని లేదని నీకెవరు చెప్పారు?"

ఆమె తలెత్తి చూసింది. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టింది. నేను యాప్ తెరిచి, రెండింటికీ విడివిడిగా, దాని పేజీ చిరునామాతో మొదలైతేనే నింపేలా సెట్టింగు మార్చాను. నా వివరాలు నా ఫోన్‌లోని ఖాతాలో కూడా ఎక్కించుకున్నాను.

"ఇప్పుడు చూడు. నంబరు నీదేనా?"

"నాదే."

"నొక్కు."

లోపలికి వెళ్ళింది. బుక్‌మార్క్‌లోంచి కూడా చేయించాను, వెళ్ళింది. స్కూళ్ళ పేర్ల దగ్గరికొచ్చి ఆమె ఆగింది.

"అక్కా, మొదట పేట పెట్టనా? నీకేమన్నా..."

ఆమెకు ఎంత తెలుసో, ఎప్పటినుంచి తెలుసో నాకు తెలియదు.

"పెట్టుకో," అన్నాను.

పేట హైస్కూలే వచ్చింది. మా పక్క వీధిలో ఇల్లు తీసుకున్నారు. పొద్దున స్కూటీ మీద మా గుమ్మం ముందునుంచే వెళ్తుంది. అమ్మ ఆ వేళకు వాకిలి ఊడ్చే నెపంతో బయటే ఉంటుంది. చర్చిలో ఇప్పుడు ఇద్దరం పక్కపక్కనే కూర్చుంటాం. వందనాలు ముందు ఆమెకు చెప్తారు, తర్వాత నాకు.

మొన్న తనే వచ్చి అడిగింది, "వచ్చే డీఎస్సీకి చదువుతున్నావా" అని. అవునన్నాను. జన్యుశాస్త్రం దగ్గర నేను ప్రతిసారీ తడబడతానని ఆమెకు తెలుసు. సాయంత్రాలు స్కూలు నుంచి వచ్చాక ఒక గంట కూర్చుని చెప్తోంది. విసుక్కోదు. నేను తప్పు చేస్తే మళ్ళీ మొదటినుంచి చెప్తుంది. ఆమె చెప్తే అర్థమవుతోంది. ఇంత బాగా చెప్పకపోయినా బాగుండేదని ఒక్కోసారి అనిపిస్తుంది. అయినా వినకుండా ఉండలేకపోతున్నాను.