ఇటాలియన్‌లో ముందు నేర్చుకోవలసింది ‘అమ్మకు బాగాలేదు’

పది రోజులు ఇటలీ చూసి రావడానికి ఆ భాష నేర్చుకోవాలా అని అడిగిన వాళ్లందరికీ నా జవాబు ఒక్కటే: అవును, నేర్చుకోవాలి. అదీ మ్యూజియం ఎక్కడుందో అడగడానికి కాదు. అది బోర్డు చూసినా తెలుస్తుంది. పక్కన ఉన్న మనిషి కూలబడినప్పుడు చెప్పాల్సిన మాటలు నేర్చుకోవాలి.

ఈ ప్రయాణం అమ్మ కోరిక. నాన్న మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గరి లాల్‌పేట్ బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు, ఆ మరుసటి ఏడే పోయాడు. నేను కన్వేయర్ బెల్టులు బిగించే కంపెనీలో ఇంజనీర్‌ని. ఒకరోజు ఫోన్‌లో కర్రారా పాలరాతి గనుల వీడియో చూపిస్తే అమ్మ, “నల్ల గని జూసుకుంట ముసలిదాన్నైన. తెల్ల గని ఒక్కపారి జూపియ్యి” అంది. టికెట్లు కొనకముందే నేను ఇటాలియన్ మొదలుపెట్టాను.

ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పిన ఆవిడతో మొదటి రోజే చెప్పాను: నాకు పిజ్జా ఇష్టమని చెప్పడం వద్దు, ప్రమాదాలు నేర్పండి. ఆవిడ నవ్వింది. తర్వాత వారానికి రెండుసార్లు తాను అంబులెన్స్ ఆఫీసులో కూర్చున్నట్టు ప్రశ్నలు వేసేది, నేను జవాబు చెప్పేవాణ్ణి. మీరూ వెళ్తే ఇది గుర్తుంచుకోండి. మనం ఏం చెప్పాలో నేర్చుకుంటే సగమే, వాళ్లు ఏం అడుగుతారో అది కూడా చెవికి అలవాటు కావాలి. “కొషెంతె?” అంటే స్పృహలో ఉందా? “రెస్పీరా?” అంటే ఊపిరాడుతోందా? అమ్మకు షుగర్ ఉంది గనుక ఆ మాటలు విడిగా నేర్చుకున్నాను. మాత్రల పేర్లు ఒక చీటీ మీద రాసుకున్నాను.

జూన్ చివర్లో, ఒక ఉదయం చంద్రపూర్‌లో నాగ్‌పూర్ బండి ఎక్కాం. ఎదురు సీటులో మా ఊరి తుకుం బస్తీలో బట్టల దుకాణం నడిపే పెద్దమనిషి కూర్చున్నాడు, మన తెలుగాయనే. నేను చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని గొణుగుతుంటే ఆపుకోలేకపోయాడు.

“ఏంది తమ్మీ, మంత్రాలు జపిస్తున్నవా?”

చెప్పాను.

“అరే, ఇంగ్లీషున్నది గద! ఫోన్‌ల తర్జుమా ఉన్నది. పది దినాలకు గింత కష్టమెందుకు బేటా, అక్కడి పిల్లను జూసినవా ఏంది?”

రైలు డబ్బా మొత్తం నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. నేను మళ్లీ మొదటి వాక్యం దగ్గర మొదలుపెట్టాను.

నాగ్‌పూర్ నుంచి ముంబయి, అక్కడి నుంచి రాత్రి విమానంలో మిలాన్. స్టేషన్‌లో ప్రాంతీయ రైళ్ల కాగితం టికెట్ కొంటే, ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీది యంత్రంలో తప్పక ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా. రెండు రైళ్లు మారి సాయంత్రానికి కర్రారా చేరాం. స్టేషన్ కింద ఉంటుంది, ఊరు పైన. బస్సు టికెట్లు పొగాకు దుకాణంలో అమ్ముతారు. మేం దిగిన గది ఒక బేకరీ పైన. పొద్దున్నే రొట్టె వాసనకు మెలకువ వచ్చేది. మేం మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు, పల్లీల పొడి తిన్నాం.

గనుల్లోకి జీపులో తీసుకెళ్తారు. కొండను జున్నుముక్కలా నిలువుగా కోశారు. కాసేపటికి అమ్మ పైట చెంగుతో ముక్కు తుడుచుకుని, ఆ చెంగు నాకు చూపించింది.

“సూడు, ఈడ దుమ్ము గూడ తెల్లగనే ఉన్నది. మీ నాయిన ముక్కు చీదితే నల్లగొస్తుండె. గని గనే రా, రంగే వేరు.”

నాలుగు రోజులు అక్కడున్నాం. తర్వాత పిసా, ఫ్లోరెన్స్ చూసి మళ్లీ కర్రారా వచ్చి, తొమ్మిదో రోజు సాయంత్రం మిలాన్ దారిలోని పార్మా వైపు బయల్దేరాం. మర్నాడు రాత్రికి మిలాన్‌లో విమానం. ఆ రైలు కొండల్లో సొరంగం వెంట సొరంగం దాటుతూ పోతుంది. పొంట్రెమోలి దాటి పెద్ద సొరంగంలో ఉండగా అమ్మ చెయ్యి నా మోకాలి మీద పడింది. చల్లగా, తడిగా ఉంది. మొహం నిండా చెమట. పెదవులు వణుకుతున్నాయి.

“అమ్మా, ఏం తిన్నవ్ పొద్దటి నుంచి?”

“ఇయ్యాల సంకష్టి గద రా.”

మా దగ్గర తెలుగు ఇళ్లలోనూ చాలామంది ఆడవాళ్లు మరాఠీవాళ్లలాగే సంకష్టి చతుర్థి ఉపవాసం ఉంటారు. చంద్రుడు కనిపించాక అర్ఘ్యం ఇచ్చి తింటారు. మామూలుగా అమ్మ సాబుదానా, అంటే సగ్గుబియ్యం, పండ్లు తింటుంది. ఈసారి నీళ్లు తప్ప ఏమీ ముట్టనని మొక్కుకుంది. ఎందుకని అడిగితే, “నువ్వు భాష నేర్సుకున్నవ్. నాకదెట్లొస్తది? నువ్వు సల్లగ ఇల్లు చేరాలని నేను మొక్కుకున్న” అంది. షుగర్ గోలీ మాత్రం మానలేదు. డాక్టర్ మానొద్దన్నాడట!

ఫోన్ తీశాను. సొరంగంలో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. లేచి నిలబడి డబ్బా మొత్తానికి వినిపించేలా అరిచాను: “మియా మాద్రె స్టా మాలె! ఎ దియాబేతికా! జుక్కెరో!” మా అమ్మకు బాగాలేదు, షుగర్ ఉంది, చక్కెర కావాలి.

వెనక సీటులోని నడివయసావిడ తన సంచిలోంచి పండ్లరసం డబ్బా తీసి, స్ట్రా గుచ్చి ఇచ్చింది. గార్డు పరుగెత్తుకొచ్చాడు. స్పృహలో ఉందా, ఎప్పుడు తిన్నది, ఏ మందు అని ప్రతిదీ నేను పాఠాల్లో విన్న వరసలోనే అడిగాడు. “నోన్ మాంజా దా యేరి సేరా” అన్నాను, నిన్న సాయంత్రం నుంచి తినలేదని. సొరంగం దాటగానే అతను ముందొచ్చే స్టేషన్‌కు ఫోన్ చేశాడు.

అమ్మ మాత్రం స్ట్రా దగ్గర నోరు బిగించుకుంది.

“చందురుని సూడంది గుటక మింగ.”

సాయంత్రం ఆరున్నర దాటినా కిటికీ బయట పట్టపగలులా ఎండ. ఇటలీలో ఆ రోజుల్లో రాత్రి తొమ్మిదింటికి గానీ పొద్దుగూకదు. చంద్రుడు రావాలంటే ఇంకెన్ని గంటలో. అప్పటిదాకా అమ్మ ఉండదు. నా ఇటాలియన్ అంతా అక్కడ ఆగిపోయింది.

“అమ్మా, మొక్కు యాడ మొక్కినవ్?”

“ఇంట్ల. లాల్‌పేట్‌ల.”

“లాల్‌పేట్‌ల ఇప్పుడు రాత్రి పది దాటింది. చందురుడు ఎప్పుడో ఎక్కిండు. ఇంటికాడ అక్క బంగ్లా మీదికి పోయి నీళ్లిచ్చి అన్నం గూడ తిన్నది.”

“నువ్వు సూసినవా?”

“మొక్కు అక్కడిదైతే చందురుడు గూడ అక్కడోడే. ఈడి చందురునితోని నీకేం పని?”

అమ్మ నా మొహంలోకి చూసింది. ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూస్తున్నట్టు కనిపించింది. నోరు తెరిచింది. రసం సగం డబ్బా అయ్యేసరికి వెనకావిడ చప్పట్లు కొట్టింది.

చిన్న స్టేషన్‌లో అంబులెన్స్ సిద్ధంగా ఉంది. అప్పటికి అమ్మ లేచి కూర్చుని పైట సర్దుకుంటోంది. తేరుకుంది కదా, పార్మాకు వెళ్తారా అని వాళ్లడిగారు. తలూపి రైలెక్కి ఉంటే? నేను ఎక్కలేదు. చీటీలో ఆ గోలీ పేరు చూపించి, మధ్యాహ్నం వేసుకుందని, తిండి లేకుండా వేసుకుందని చెప్పాను. వాళ్ల మొహాలు మారాయి. ఆ మందు గంటల తరబడి పనిచేస్తుందట. ఆస్పత్రికి తీసుకెళ్లారు. గంటన్నరకు అమ్మ షుగర్ మళ్లీ పడిపోయింది. ఈసారి చేతికి గ్లూకోజ్ సూది ఉంది, పక్కన నర్సు ఉంది. రైల్లో ఉంటే ఏమయ్యేదో నేను ఇక్కడ రాయను.

మర్నాడు మధ్యాహ్నం వదిలిపెట్టారు. విమానం అందుకున్నాం.

నాగ్‌పూర్ నుంచి చంద్రపూర్ బండిలో కిటికీ పక్కన కూర్చుని అమ్మ అడిగింది:

“గా రైల్ల నువ్వు పడుంటే ఎవ్వరు జెప్పాలె?”

ఎన్ని వాక్యాలు నేర్చుకున్నానో అన్నీ అమ్మ పడిపోతేనే పనికొచ్చేవి.

“నాకు నేర్పు” అంది.

మియో ఫీల్యో స్టా మాలె. నా కొడుకుకు బాగాలేదు. మెల్లగా చెప్పించాను. అమ్మ మెల్లగా అనలేదు. గని సైరన్‌ను మించి పిల్లల్ని పిలిచిన గొంతు అది. పక్క సీట్లవాళ్లు తిరిగి చూశారు. ఒకాయన, “కాయ్ ఝాలా, మావ్షీ?” అన్నాడు, ఏమైందని.

“ఏం కాలే. ఏమన్నయితే పనికొస్తదని” అని ఆయనకు జవాబిచ్చి, అమ్మ మళ్లీ మొదటి నుంచి, ఇంకా గట్టిగా అంది.