రేకులకు తగలని ఆట

మార్కాపురం చరిత్ర రాయడానికి ఎవరైనా తీరిగ్గా కూర్చుంటే, పలకల గనులకు ఒక అధ్యాయం, బస్టాండు విస్తరణకు ఒక అధ్యాయం పోగా, మూడోది ఫెబీ ఊదుడుకు కేటాయించక తప్పదు. సర్వీసు చేసే ముందు షటిల్‌ను మూతి దగ్గర పెట్టుకొని ‘ఉఫ్’మని ఊదడం ఆమె అలవాటు. దీని పుట్టుపూర్వోత్తరాల మీద పండితుల్లో భిన్నాభిప్రాయాలు లేవు. ఉన్న పండితురాలు ఒక్కరే, వాళ్లమ్మ ఎలీషబా. ఆమె సిద్ధాంతం ఒకే మాట: “దుమ్ము.”

ఫెబీ నాయన యేసుబాబు పలకల ఫ్యాక్టరీలో కోత మిషన్ మీద పనిచేస్తాడు. ఆ ఫ్యాక్టరీ వెనక ఖాళీ పడిన రేకుల గోడౌనులో డ్రిల్లు మాస్టారు ఇమ్మానుయేలు ఒక నెట్ కట్టి బ్యాడ్మింటన్ అకాడమీ అని పేరు పెట్టాడు. లోపం ఒక్కటే, కప్పు. షటిల్ కాస్త ఎత్తుకు లేచిందా, రేకులకు తగిలి ఏళ్లనాటి పలక దుమ్ము కోర్టంతా రాలుతుంది. అందుకని అక్కడ ఒక శాసనం అమల్లోకి వచ్చింది: తగిలించినవాళ్లే ఊడ్వాలి.

పర్యవసానంగా ఫెబీకి పదిహేడేళ్లు వచ్చినా షటిల్ ఎత్తడం రాలేదు.

“ఎత్తి కొట్టవే తల్లీ!” అని మాస్టారు మొత్తుకునేవాడు.

“ఎత్తితే చీపురు నువ్వు పడతావా సార్?”

నెట్ అంచు రాసుకుంటూ దూసుకుపోయే ఆ ఆటతోనే ఆమె జిల్లాను, రాష్ట్రాన్ని దాటి హైదరాబాదులో జరిగే అంతర్జాతీయ జూనియర్ టోర్నీ బాలికల సింగిల్స్‌కు చేరింది.

టోర్నీకి ముందు ఆదివారం యేసుబాబు చర్చిలో లేచి నిలబడ్డాడు. “వచ్చే ఆదివారం మా ఇంటికాడ కృతజ్ఞత కూటం. ఫెబీ మొదటి ఆట గెలిచినందుకు. అందరూ రావాల.”

ఆ ఆట గురువారం ఉంది.

దారిలో ఎలీషబా అందుకుంది. “గెలిచినాక చెప్తే నీ నోరు పడిపోతాదా?”

“గెలిచినాక ఎవురైనా చెప్తారు. దాన్ని విశ్వాసమంటారా?”

“మరి ఓడితే?”

“యాడ ఓడతాది? కోళ్లకు కూడా చెప్పేసినా.”

ఈ విధంగా ఒక కుటుంబం విశ్వాసమూ, కొన్ని కోళ్ల భవితవ్యమూ కలిసి ఫెబీ రాకెట్ మీద పడ్డాయి.

గురువారం ఎదురుగా నిలిచిన థాయిలాండ్ అమ్మాయి ఫెబీ కన్నా జానెడు పొడవు. స్టేడియం కప్పు ఎక్కడుందో మెడ వెనక్కి వంచి వెతకాలి. ఇమ్మానుయేలు ముఖం వెలిగింది. “ఈడ ఊడ్చే పని లేదు. ఎత్తి కొట్టు!”

ఫెబీ జీవితంలో తొలిసారి ఎత్తి కొట్టింది. ఎత్తినవన్నీ స్మాష్‌లుగా తిరిగొచ్చాయి. పైగా ఊదుడు వల్ల ఆట ఆలస్యమవుతోందని అంపైర్ పిలిచి మందలించాడు. మొదటి గేమ్ పోయింది.

విరామంలో మాస్టారు అడిగాడు. “ఏందమ్మా, ఏమైంది?”

“పైకి చూస్తే లైట్లే కనపడతన్నయి సార్. ఇంత ఖాళీ ఏం చేసుకోవాల్నో తోచడం లేదు.”

ఇమ్మానుయేలు ఒక్క క్షణం ఆలోచించి, ఇన్నేళ్ల తన బోధనంతటినీ అక్కడికక్కడే రద్దు చేశాడు. “అయితే మన రేకులు ఈడనే ఉన్నయనుకో. తగిలిందా, స్టేడియమంతా నువ్వే ఊడ్వాల.”

ఫెబీ నవ్వింది. “అట్ల చెప్పు సార్.”

ఆ తర్వాత షటిల్ పైకి లేస్తే ఒట్టు. పొట్టకు, భుజానికి, మోకాలికి సూటిగా వచ్చిపడుతుంటే, థాయి అమ్మాయి స్మాష్ కొట్టడానికి చెయ్యెత్తి, అది పైకి వస్తుందని ఎదురుచూస్తూనే రెండు గేములూ పోగొట్టుకుంది.

ఇమ్మానుయేలు ఫోను చేసినప్పుడు కోత మిషన్ ఆడుతూనే ఉంది.

“యేసుబాబూ, గెలిచినాది!”

“నాకు తెల్సు సార్. మసాలా చెప్పేదానికి పోతన్నా.”

ఆదివారం షామియానా వేశారు. ‘అంతర్జాతీయ క్రీడాతార’ అని ఫ్లెక్సీ లేచింది. పాస్టరుగారు గొల్యాతును కొట్టిన దావీదు వడిసెలతో మొదలుపెట్టి థాయిలాండ్ దాకా వెళ్లారు. యేసుబాబు ప్రతి వాక్యానికీ అందరికన్నా గట్టిగా ‘ఆమెన్’ అన్నాడు.

పులావు వడ్డించింది ఫెబీయే. ఆ గంటలోనే హైదరాబాదులో ఫైనల్ జరుగుతోంది. ఆమె శుక్రవారం రెండో రౌండులో ఓడిపోయి, శనివారం బస్సుకు ఇంటికి వచ్చేసింది.