రామకృష్ణప్ప కాలి మీద ఆవు

హోసూరు దగ్గర బేరిగైలో మా ఎదురింటి రామకృష్ణప్పకు రెండు ఆవులు. ఆఖరి చుక్క దాకా పాలన్నీ డెయిరీకి పోసి, తాను మాత్రం పాలు లేని కాపీ తాగే మనిషి. మాంసం ముట్టనని మొక్కుకుని ఏళ్ళయింది. అలాంటి మనిషికి పోయిన ఏడు అరికాళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. పోనుపోను మొద్దుబారాయి. చెప్పు జారిపోయినా తెలియక, ఒంటి చెప్పుతో ఇంటికొచ్చేవాడు.

"కాళ్ళు తెలీనోడికి ఆవులెందుకయ్యా? అమ్మేద్దాం" అంది భార్య బసవమ్మ.

ఆ మాటకు ఆయన ఆ పూట ముద్ద ముట్టలేదు. ఆవులు పోతే తెల్లవారి లేవడానికి ఆయనకు కారణమే లేదు మరి.

హోసూరులో డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, బి విటమిన్ తక్కువగా ఉందని మాత్రలు రాసింది. అవి మింగిన కొన్ని వారాలకు అరికాలికి గులకరాయి తగిలితే తెలిసింది. తగిలిందని వీధంతా చెప్పుకుని తిరిగాడు. నిజం చెప్పాలంటే మాకు విసుగొచ్చింది.

చీకటితోనే చేలోకి పోయే మనిషి, ఒకరోజు ఎండెక్కాక పోయి చూసుకున్నాడు. ఒంటేలు పసుపు కలిపిన నీళ్ళలా ఉంది! పక్కింటి మారియప్పకు తెలియని రోగం లోకంలో లేదు.

"దాంట్లో అన్నం మెతుకులేసి పెట్టప్పా. పచ్చబడితే కామెర్లే" అన్నాడు.

మెతుకులు పులిహోరలా తేలాయి. ఆ ఇంట్లో మళ్ళీ చాన్నాళ్ళు పులిహోర చేయలేదు.

ఆకు మందుతో ఇంగ్లీషు మందు పడదని మాత్రలు ఆపేశారు. నేల ఉసిరి నూరి మజ్జిగలో తాగడం, ఉప్పు లేని ముద్ద, నూనె లేని పులుసు. ఎవరింట్లో పోపు వేసినా పాపం ఆయన ముక్కు అటే తిరిగేది. కాళ్ళు మళ్ళీ మొద్దుబారాయి. ఒకరోజు రామకృష్ణప్ప కొట్టం దగ్గర మారియప్పతో పథ్యం గురించి మాట్లాడుతుంటే బసవమ్మ కెవ్వుమంది.

"నీ కాలి మీద ఆవు నిలబడుండాది చూడయ్యా!"

ఆయన కిందికి చూసి, "అవునే!" అన్నాడు.

బసవమ్మ వెంటనే ఆవుల బేరగాడు ఈశ్వరప్పకు ఫోన్ చేసింది. ఉగాది దాకా ఆగమని బతిమాలుకుని, రామకృష్ణప్ప ఆమెను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయాడు. డాక్టరమ్మ ఆయన కళ్ళు చూసి, మళ్ళీ రక్తం పరీక్ష చేయించి నవ్వింది.

"కామెర్లు లేవప్పా. మాత్రలో ఒంటికి సరిపోగా మిగిలింది అట్ల రంగుగా పోతుంది, అంతే."

"అయితే మానేసిన నాళ్ళవి కూడా కలిపి రెండేసి మింగేదా?"

"వద్దు. కొన్ని బి విటమిన్లు మితిమీరితే వాటితోనే తిమ్మిర్లొస్తాయి. రాసినంతే వేసుకో. మాంసం తిననోళ్ళకు ఈ విటమిన్ పాలల్లోనే దొరకాల. ఇంట్లో పాలున్నాయా?"

"ఉండాయమ్మా, డెయిరీలో."

బసవమ్మ తల కొట్టుకుంది.

మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి. ఉగాది పోయాక ఈశ్వరప్ప వచ్చాడు. రామకృష్ణప్ప పలుపు పట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు. బేరగాడు పళ్ళు చూసి, పొదుగు తడిమాడు. కొత్త చేయి తగిలేసరికి ఆవు బెదిరి పక్కకు అడుగేసింది.

"అమ్మో! చచ్చినానే!"

కేక బస్టాండు దాకా వినబడింది. కాలు పట్టుకుని గెంతుతూ, "నొస్తాంది బసవా, నొస్తాంది!" అని అదే పనిగా అరిచాడు. మాక్కూడా కళ్ళు చెమర్చాయి.

బసవమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "ఆవుల్ని అమ్మేది లేదు ఈశ్వరప్పా, కాపీ తాగి పో" అంది.

ఆ కాపీలో పాలు పోసింది.