బావి దగ్గర బండ

మొన్న ఉదయం మెడలో గుర్తింపు కార్డులు వేసుకున్న ఇద్దరు యువకులు వచ్చి, ఈ చుట్టుపక్కల పాతకాలపు దిబ్బలేమైనా ఉన్నాయా అని అడిగితే, మా ఇంట్లో రాళ్ళేమీ లేవన్నాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రాళ్ళ మాట వాళ్ళు ఎత్తనేలేదు. నా భార్య ఉంటే నవ్వేది.

డెబ్బైలలో, ఇబ్రహీంపట్నం దాటాక కృష్ణ ఒడ్డునున్న ఈ ఊరికి నేను ఇల్లరికం వచ్చిన కొత్తలో, మామగారి చేలో నాగలికి ఒక తెల్లరాయి తగిలింది. దాని మీద తామరపువ్వు చెక్కి ఉంది. సంగతి బయటపడితే ప్రభుత్వం చేను తీసేసుకుంటుందని ఆయన భయం. ఇంటికి ఆధారం ఆ చేనొక్కటే. పువ్వును నేలవైపుకు తిప్పి, పెరట్లో బావి దగ్గర బట్టలుతికే బండగా వేయించారు. నా భార్యకు మాత్రం ఆ పువ్వు ఎక్కడిదో తెలుసుకోవాలని ఉండేది. అమరావతి మ్యూజియం చూసొస్తామంటే, బయటినుంచి వచ్చిన అల్లుణ్ణి నమ్మలేక కాబోలు, మామగారు కూడా మాతో పడవెక్కారు.

స్తూపం ఉన్నచోట దిబ్బా, గడ్డీ తప్ప పెద్దగా ఏమీ లేవు. మ్యూజియంలో మాత్రం ఎటు చూసినా మా పువ్వే. ఆమె ఒకదాని మీద చెయ్యి వేసింది. మా వెనకే నడుస్తున్న కాపలాదారు ముట్టుకోకూడదన్నాడు.

"మా ఇంట్లో ఇలాంటి రాయి లేదండీ," అంది ఆమె కంగారుగా.

"ఉందని నేనన్నానా అమ్మా? ఏ ఊరండీ మీది?"

"కొండపల్లండీ," అన్నారు మామగారు. "బొమ్మలు చేసుకుంటాం. చెక్క తప్ప మాకు రాయి సంగతి తెలీదు."

అతను మామగారి కాళ్ళకేసి చూశాడు. "బొమ్మలకి ఇంత రేగడి పడుతుందా బాబాయిగారూ?"

తిరుగు పడవలో మామగారు నా వైపే చూస్తూ కూతురితో అన్నారు: "అడక్కుండానే చెప్పావు గదే తల్లీ. ఈ తెలివి మీ ఆయన నేర్పాడా?"

ఆ తర్వాత జీపు చప్పుడైతే చాలు, ఆయన వెళ్ళి బావి దగ్గర నిలబడేవారు. ఏ జీపూ మా కోసం రాలేదు. ఆయన పోయారు, చేను అమ్మేశాం, బట్టలు మిషన్లో పడుతున్నాయి. నిరుడు ఆమె కూడా పోయింది. ఇక దాచవలసిన పని లేదని నాకూ తెలుసు. కానీ ఆ బండకు పైవైపున, ఇన్నేళ్ళు ఆమె ఉతికి ఉతికి అరిగిన పల్లం ఒకటుంది. మొన్నటివాళ్ళు తీసుకెళితే మ్యూజియంలో పువ్వు కనబడేలా నిలబెడతారు. పల్లం గోడవైపుకు పోతుంది.