పన్నెండు గంటల్లోపు

ఐదో నెలలో చేసిన రక్తపరీక్షలో నాకు హెపటైటిస్ బి ఉందని బయటపడింది. ఒక్కసారి కామెర్లు వచ్చిన గుర్తయినా లేదు నాకు. తాడేపల్లిగూడెంలో మా అత్తవారిది పప్పుల టోకు కొట్టు. ఆ సాయంత్రమే మా అత్తగారు నాకో కంచం, గ్లాసు విడిగా పెట్టారు.

"ఏమీ అనుకోకమ్మా, ఇంటినిండా మనుషులం కదా" అన్నారు.

రెండు రోజులు అందులోనే తిన్నాను. మూడో రోజు ఆవిడతో, "రేపు మీరు కూడా డాక్టరమ్మ దగ్గరికి రండి అత్తయ్యగారూ. నేను చెప్తే నా కోసం చెప్పుకున్నట్టుంటుందండి" అన్నాను. వచ్చారు.

"ఇది కంచాలతోటీ గ్లాసులతోటీ అంటదండీ" అంది డాక్టరమ్మ. "రక్తం ద్వారా వస్తుంది, భార్యాభర్తల మధ్య వస్తుంది, పురిట్లో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకుని టీకా వేయించుకోండి." నాకు వైరస్ తక్కువే ఉందనీ, ప్రస్తుతానికి మందులు అక్కర్లేదనీ చెప్పింది. మా అమ్మ నుంచే నాకు వచ్చి ఉండొచ్చని కూడా అంది.

"మరి పుట్టబోయే బిడ్డకోనండీ?" అని అడిగారు అత్తగారు.

"పుట్టిన పన్నెండు గంటల్లోపు రెండు ఇంజెక్షన్లు పడాలి. ఒకటి టీకా. రెండోది ఇమ్యునోగ్లోబులిన్, టీకా పనిచేసేలోపు వైరస్‌ని అడ్డుకునే మందు. అది ఇక్కడ అన్నివేళలా దొరకదు. ముందే ఏలూరు నుంచి తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. గడ్డ మాత్రం కట్టనివ్వకండి."

ఇంటికొచ్చాక ఆవిడ ఆ కంచాన్ని తోమి మిగతా కంచాల్లో కలిపేశారు.

ఏడో నెలలో మా అమ్మ నన్ను పురిటికి తీసుకెళ్దామని కైకలూరు నుంచి వచ్చింది. నేను రానన్నాను.

"తొలికాన్పు పుట్టింట్లో కాకపోతే నలుగురూ ఏమనుకుంటారే?"

"అనుకోనీ అమ్మా. ఈ డాక్టరమ్మ దగ్గరే పురుడు పోసుకుంటాను."

జబ్బు సంగతి చెప్పాను గానీ, తన నుంచి వచ్చి ఉండొచ్చన్న మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. అమ్మ అన్నమైనా తినకుండా బస్సెక్కేసింది.

నెలలు నిండకముందే ఒక ఉదయం నొప్పులు మొదలయ్యాయి. మావారు ఏలూరు నుంచి తెచ్చి ఫ్రిజ్‌లో ఉంచిన మందు పెట్టెను ఐస్ తగలకుండా తువ్వాలులో చుట్టి ఐస్ డబ్బాలో పెట్టి తెచ్చారు. మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. పసిదాన్ని చూసి ఏడ్చేశాను. వెంటనే ఇంజెక్షన్ల సంగతి అడిగాను.

"పిల్లల డాక్టరుగారు రేప్పొద్దున వస్తారండీ, అప్పుడు వేస్తారు" అంది నర్సు.

"రేపటికి కుదరదండీ. పన్నెండు గంటల్లోపు పడాలి."

"పిల్ల బాగానే ఉంది కదండీ, మీరు పడుకోండి."

పడుకోలేదు. కుట్లు లాగుతున్నా మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చున్నాను. మా అత్తగారు గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. "ఏవండీ, డాక్టరమ్మగారికి ఒక్కసారి ఫోన్ చేయండి. చేసేదాకా నేనిక్కణ్ణించి కదలను" అన్నారు. అంత మెత్తగా మాట్లాడే మనిషి ఎక్కడా గొంతు పెంచలేదు. నర్సు ఫోన్ చేసింది. చీకటి పడకముందే ఒక్కో తొడకి ఒక్కో ఇంజెక్షన్ పడింది. పిల్ల కేర్‌మంది. పాలిచ్చాను, ఇవ్వొచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది.

మిగతా టీకాలన్నీ తప్పకుండా వేయించాం. ఏడాది దాటాక పరీక్ష చేస్తే పిల్లకి ఏమీ లేదని తేలింది.

ఆ రిపోర్టు పట్టుకుని కైకలూరు వెళ్ళి అమ్మకి అసలు మాట చెప్పాను.

"అయితే నీకు నేనిచ్చానా?" అంది.

"నీకెవరిచ్చారో నీకు తెలుసా అమ్మా? పద, పరీక్ష చేయించుకుందాం."

"నాకేం రోగం? దుక్కలా ఉన్నాను."

వారం రోజులు పట్టింది ఒప్పించడానికి. ఏలూరులో పరీక్ష చేస్తే వైరస్ ఉంది, లివర్ కొంత గట్టిపడింది కూడా. రోజూ మాత్ర మానకూడదనీ, ఆరు నెలలకోసారి స్కాన్ చేయించుకోవాలనీ చెప్పారు. మొదట్లో మాత్ర మర్చిపోయేది. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, నేను వింటుండగానే మింగించేదాన్ని.

ఇప్పుడు నాకూ స్కాన్ ఉంటుంది కాబట్టి తను అక్కణ్ణించీ నేను ఇక్కణ్ణించీ పరగడుపున ఏలూరు చేరుకుంటాం. పోయినసారి డాక్టరుగారు అమ్మ లివర్ అంతకు మించి పాడవలేదన్నారు. వచ్చేసారికి తేదీ రాయించుకుని, ఆసుపత్రి ఎదురుగా ఉన్న హోటల్లో ఇద్దరం ఇడ్లీ తిన్నాం. అమ్మ ఇంకో ప్లేటు చెప్పమంది.